ఈసారి సాగో పిండి ఎర్రగా ఎందుకుంది

కొత్త సరుకు ప్యాకెట్ విప్పినవాళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు: పోయినసారి తెల్లగా ఉంది కదా, ఇది లేత ఎరుపుగా ఉందేంటి, ఏమైనా కలిపారా అని. ఏమీ కలపలేదండీ. ఆ రంగు చెట్టుదే.

మన పిండి మలేషియాలోని సరావాక్ రాష్ట్రం నుంచి వస్తుంది. అక్కడి చిత్తడి నేలల్లో పెరిగే, తాటి కుటుంబానికి చెందిన సాగో చెట్టు మాను లోపలి మెత్తటి బెండే దీనికి మూలం. ఆ చెట్టు జన్మలో ఒక్కసారే పూస్తుంది, కాయలు కాశాక చచ్చిపోతుంది. ఆ ఒక్క పూత కోసం ఏళ్ల తరబడి మాను నిండా పిండి దాచుకుంటుంది. అందుకే పూతకొచ్చే ముందే కొట్టాలి. ఆలస్యమైతే పిండంతా పూతకీ కాయకీ పోయి లోపల పీచు మిగులుతుంది. అదను చూసి కొడితే ఒక్క మానుకి 150 నుంచి 300 కిలోల దాకా దిగుతుంది. చెట్టు మొదలు దగ్గర పిలకలు లేస్తూనే ఉంటాయి, మళ్లీ నాటే పని లేదు. నాకు ఈ చెట్టంటే ఇంత ఇష్టం అందుకే.

కొట్టిన మానును దుంగలుగా కోసి, తెప్పలా కట్టి నదిలో మిల్లుకు చేరుస్తారు. బెండు తురిమి, నీళ్లు పోసి పిసికి వడకడితే పిండి అడుగుకు దిగుతుంది. గాలి తగిలిన బెండు కోసిన వంకాయలాగే రంగు మారుతుంది. ఈసారి దుంగలు మిల్లు దగ్గర వంతు కోసం ఎక్కువ రోజులు ఆగిపోయాయి, ఆ ఛాయ పిండిలో నిలిచింది. బ్లీచింగ్ చేసి తెల్లబరిచిన రకం ఇస్తామన్నారు. వద్దన్నాను.

రంగు చూసి భయపడకండి. పుల్లటి వాసన వస్తే మాత్రం వాడొద్దు, చెప్పండి, డబ్బు వాపసిస్తాను.

సాగో పేరుతోనే పిలిచే సైకస్ అనే మరో మొక్క పిండి తెప్పించమని అడుగుతున్నవాళ్లకు కూడా ఇక్కడే చెబుతున్నాను, తెప్పించను. చూడ్డానికి తాటి జాతిలా ఉన్నా అది ఆ కుటుంబం కాదు. దాని మానులోనూ గింజల్లోనూ సైకాసిన్ అనే విషం ఉంటుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పసిఫిక్ ద్వీపం గువామ్‌లో అక్కడి మూలవాసులైన చమోరోలు ఆ గింజల్ని రోజుల తరబడి నీళ్లు మార్చి మార్చి నానబెట్టాకే పిండి చేసుకునేవారు. ఎన్నిసార్లు నీళ్లు మార్చారో ప్యాకెట్ చూసి నేను చెప్పలేను కదా. కుండీల్లో పెంచుకునే ‘సాగో పామ్’ చాలావరకు ఈ సైకసే. గింజలు పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

తెల్ల పిండే కావాలంటే తర్వాతి సరుకు దాకా ఆగండి. ఇప్పటి ఆర్డరు రద్దు చేసుకున్నా నాకేం ఇబ్బంది లేదు.