మాస్టారూ, ఈ కృతజ్ఞత మీకు

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఫ్లూట్ గ్రేడు పరీక్ష ముగించుకుని బయటికి వచ్చింది. వచ్చీ రాగానే "అమ్మా, కింది డి పలికింది" అంది. డి అంటే మీటలుండే ఈ లోహపు ఫ్లూటులోని ఒక కింది స్వరం. అయిదు రోజులుగా సరైన నిద్ర లేదు. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అయినా ఈ రోజే రాయాలి.

పోయిన సోమవారం వాన మొదలవుతోందని మా అమ్మాయి ఫ్లూటును పెట్టెలో సర్దకుండా గుడ్డసంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. ఇంటికి వచ్చి చూస్తే చివరి భాగంలోని స్టీలు కడ్డీ లేదు. అగ్గిపుల్ల కన్నా సన్నం, ఒక చివర మర. ఆ భాగంలోని మీటలను గుచ్చి పట్టుకునేది అదే. అది లేక మీటలు ఊడి సంచి అడుగున పడి ఉన్నాయి, కుడిచేతి చిటికెన వేలు ఆనే మీటతో సహా. ఆ రంధ్రానికి మూత లేకపోతే కింది డి పలకదు. పరీక్షలో వాయించాల్సిన పాట ఆ స్వరంతోనే మొదలవుతుంది.

రూ.55 వేలు పోసి కొన్న వాయిద్యం ఇది. కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే, కడ్డీ విడిగా అమ్మరు, ఫ్లూటు పంపండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది అన్నారు. ఇంకో చోట చివరి భాగం మొత్తం కొత్తది కొనమన్నారు. వేరే కంపెనీ కడ్డీ వేద్దామంటే మర కలవదు. ఇంత ధర పెట్టి అమ్మేవాళ్లు ఇంత చిన్న కడ్డీ ఎందుకు అమ్మరు? ఫ్లూటు వాయించడం నేర్పేవాళ్లు మన విశాఖలో ఉన్నారు. బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారని అడిగితే అందరూ చెన్నై, కోల్‌కతా అన్నారు.

బుధవారం రాత్రి ఒకరు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. నేవీ బ్యాండులో పనిచేసి రిటైరైన పెద్దాయన. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు, అందుకే మాస్టారు అంటున్నాను. నేను సగం చెప్పేలోపే "ఏ కంపెనీదమ్మా?" అని అడిగారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పొద్దున్నే పాపను తీసుకుని రండి" అన్నారు.

వెళ్లేసరికి బల్ల మీద తెల్లటి తుండు పరిచి, దాని మీద ఆయన ఫ్లూటు పెట్టి ఉంది. అదే కంపెనీది, పాతది. కొన్నేళ్ల క్రితం ముఖానికి పక్షవాతం వచ్చి పెదవి ఒక పక్క పట్టు తప్పిందట. అప్పటి నుంచి వాయించలేదు. కానీ ఆ వెండి మెరుపు చూడాలి, ఎక్కడా మరక లేదు. ఈ ఉప్పుగాలిలో స్టీలు కడ్డీలు తుప్పు పట్టకుండా మరల్లో నూనె చుక్క వేసుకుంటూ కాపాడుకుంటున్నారు.

ఆయన తన ఫ్లూటు కడ్డీ విప్పారు. నేను వద్దన్నాను, నిజంగానే వద్దన్నాను. ఆయన వినిపించుకోలేదు. మా ఫ్లూటులో ముందు వేళ్లతోనే మెల్లగా తిప్పి చూశారు. "మర కలవకపోతే ఎప్పుడూ బలవంతం చేయకు తల్లీ" అని మా అమ్మాయికి చెప్పారు. కలిసింది. తర్వాత సిగరెట్ కాగితాన్ని సన్నగా కత్తిరించి మీటల అడుగున రంధ్రాన్ని మూసే ఒక్కో మెత్తటి ప్యాడు కింద పెట్టి, మీట మూసి, మెల్లగా లాగారు. గట్టిగా పట్టుకుంటే గాలి పోవడం లేదని అర్థమట. ఒక చోట కాగితం సులువుగా జారి వచ్చింది. దాన్ని సరిచేయడానికి గంటన్నర పట్టింది.

మా అమ్మాయి వాయిస్తుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆ తర్వాత తన ఫ్లూటు నుంచి ఊడివచ్చిన మీటలను చేతిరుమాలులో మూటగట్టి పెట్టెలో పెట్టుకున్నారు. అది చూసి నేను ఆపుకోలేకపోయాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాను. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు, పండ్లు కూడా పాప చేతికే తిరిగి ఇచ్చారు.

మావారు, మా తమ్ముడు తిరిగిన తిరుగుడుకు లెక్క లేదు, వాళ్లకు తెలుసు.

అయ్యో, చర్చి గాయకబృందంలోని అక్కకు కృతజ్ఞత చెప్పనే లేదు. మాస్టారి నంబరు ఇచ్చింది ఆవిడే. జగదాంబ కూడలి దగ్గర గడియారాలు బాగుచేసే అబ్బాయి మర చూసి, వేరేది ఎక్కించవద్దని చెప్పి ఫ్లూటును కాపాడాడు. అతనికీ, వానలో తడుస్తూ సీట్లన్నీ ఎత్తి వెతికిన ఆటో అన్నకు కూడా కృతజ్ఞతలు.

అమెరికాలో మా ఆడపడుచు కడ్డీ కొని మంగళవారమే పంపింది. అది కస్టమ్స్ దగ్గర ఆగింది. ఒకే కాగితం మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ పంపాను. అది చేతికి అందిన రోజునే మీ ఇంటికి వస్తాం మాస్టారూ. రుమాలు మూట విప్పి ఉంచండి, మా అమ్మాయే బిగిస్తుంది.