డ్రైవింగ్‌లో ఉంటే రిప్లై వద్దు

అందరికీ ఒక మాట. నిన్న మనవాళ్లలో ఒకరు విజయవాడ నుంచి కారు నడుపుకుంటూనే గ్రూప్‌లో వరసగా మెసేజ్‌లు పెట్టారు, పేరు చెప్పను, వారికే తెలుసు. 80 స్పీడులో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, అంటే ఫోన్ వైపు 5 సెకన్లు చూస్తే 110 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే, ఆ హైవే మీద ఏ ఊరి దగ్గర ఎవరు అడ్డంగా వస్తారో మనకి తెలియనిదా.

బ్లూటూత్ ఉంది కదా అంటారు. చేతులు ఖాళీగానే ఉంటాయి, మనసే ఫోన్లో ఉంటుంది. నేనే ఓసారి ఇంటి లోన్ గురించి మాట్లాడుతూ తిరగాల్సిన చోటు దాటి నాలుగు కిలోమీటర్లు పోయాను, అంత పెద్ద బోర్డు కళ్లముందే ఉన్నా కనిపించలేదు! పక్కన కూర్చున్నవాళ్లయితే ఎదురుగా లారీ వస్తే మాట ఆపుతారు, ఫోన్లో అవతలివాళ్లకి అదెలా తెలుస్తుంది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత చేత్తో ఫోన్ వాడుతూ నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది, జరిమానా 1000 నుంచి 5000 దాకా, జైలు కూడా పడొచ్చు.

మ్యాప్ బయలుదేరే ముందే పెట్టుకోండి. ఎవరైనా ‘డ్రైవింగ్’ అని పెడితే, వాళ్లు చేరామని చెప్పేదాకా ఎవరూ కాల్ చేయొద్దు.