రైలు ఆగి ఏళ్లయింది, మీ పేజీలో ఇంకా నడుస్తోంది

సంపాదకులకు,

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశపు రేవు పట్టణం ప్యూర్టో బారియోస్ గురించి రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో వ్యాసం వేశారు. పోనీలే అని ఊరుకున్నాను. మొన్న మా మనవడు అది చూసి స్కూల్ ప్రాజెక్టు రాసుకుంటుంటే ఇక ఆగలేకపోయాను.

రాజధానిలో రైలెక్కితే అరటితోటలు చూస్తూ వెళ్లొచ్చన్నారు. ఏ రైలండీ? 1908లో పూర్తయిన ఆ మూడడుగుల నారోగేజ్ లైను 1996లో ఆగింది. 1999లో ఓ ప్రైవేటు కంపెనీ మళ్లీ సరుకు బళ్లు నడిపి, 2007లో చేతులెత్తేసింది. 1998లో మా ఓడ అక్కడ ఆగినప్పుడు ఊళ్లోకి వెళ్లాను. పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి. ఒకావిడ పట్టా మీదే గంప పెట్టుకుని కొబ్బరికాయలు అమ్ముతోంది. రైలొస్తుందన్న బెంగ ఆవిడకు లేదు, మీ విలేకరికే ఉన్నట్టుంది.

రేవు మూతపడిందట! 1976 భూకంపంలో పాత రేవు దెబ్బతిన్న మాట నిజమే. అదే మున్సిపాలిటీలో శాంటో టొమాస్ రేవు ఉంది కదా, కంటైనర్లు అక్కడ దిగుతూనే ఉన్నాయి. మా ఓడ కట్టిందీ అక్కడే.

నాకు ఒళ్లు మండింది మాత్రం 'అరటికి తెగులొచ్చి ఊరు చితికింది' అన్న చోట. తెగులు వచ్చింది, కాదనను. కానీ తోటలు, రైలు, రేవు మూడూ యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికా అరటి కంపెనీ గుప్పిట్లో ఉండేవి. తన గెలలకు నామమాత్రం కిరాయి కట్టేది, మిగతావాళ్లకు వాత. చివరికి రైల్వే వాటాదారులే న్యూయార్క్ కోర్టుకెక్కి గెలిచారు. ఆ పెత్తనానికి పోటీగానే అధ్యక్షుడు ఆర్బెంజ్ రాజధాని నుంచి అట్లాంటిక్ రోడ్డు, శాంటో టొమాస్‌లో కొత్త రేవు తలపెట్టాడు. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అండతో ఆయన్ని దించేశారు గానీ రోడ్డు ఆగలేదు. ఇప్పుడు సరుకంతా ఆ దారిన లారీల్లోనే, సుమారు 300 కిలోమీటర్లు. పట్టాలను తుప్పుకి వదిలేసి ట్రాఫిక్ జామ్ అంటూ మీటింగులు పెట్టే అధికారులు ఏ దేశంలోనైనా ఒకే బాపతు.

వీటిలో ఒక్కటీ రాయలేదు గానీ, 'బనానా రిపబ్లిక్' (పరాయి పళ్ల కంపెనీల చేతిలో కీలుబొమ్మ దేశం) అని వెక్కిరించడం మూడుసార్లు. ఆ మాట పుట్టింది పక్కనున్న హోండురాస్‌ని చూసి.

ఒకప్పుడు మీ దగ్గర ప్రూఫులు దిద్దేవాళ్లుండేవారు. ఇప్పుడు ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు, మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. సవరణ వేస్తే ముందు ఆ మ్యాపు సంగతి చూడండి, కరీబియన్ ఒడ్డున ఉన్న ఊరిని పసిఫిక్ వైపు పెట్టారు. మావాడి ప్రాజెక్టు సోమవారం ఇవ్వాలి.

— ఒక విశ్రాంత ఓడ ఇంజనీరు, విశాఖపట్నం