మోటార్ హోమ్ కింద ఆయిల్ కారుతుంటే పైనుంచి పోస్తూ పోకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు మోటార్ హోమ్, అంటే పడక, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి, వేసుకుని గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ చూసొచ్చామని రాసే కబుర్లు మీ పేపర్లో ఇష్టంగా చదువుతాను. కొత్త బండి ధర అందక చాలామంది పదిహేను, ఇరవై ఏళ్ల పాతవి కొంటున్నారు. మంచిదే, చూసి కొంటే ఆ బండ్లు గట్టివే. కానీ వాటి కింద ఎర్రటి ఆయిల్ మరక కనబడినప్పుడు మన వాళ్లు చేస్తున్న పని చూస్తే మాత్రం నాకు భయం వేస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ట్రాక్టర్లకీ టిప్పర్లకీ హైడ్రాలిక్ పనులు చేసినవాణ్ని. ఇప్పుడు టెక్సాస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాళ్ల స్నేహితుల్లో ఎవరి బండి కారినా నన్ను పిలుస్తారు. వెళ్లి చూస్తే దాదాపు అందరూ చేసేది ఒకటే, జాకీలనీ స్లైడ్లనీ ఒత్తిడితో కదిలించే హైడ్రాలిక్ ట్యాంకులో ఆయిల్ తగ్గినప్పుడల్లా ఒక సీసా పోసి ప్రయాణం కట్టడం. పోయడం రిపేరు కాదండీ. ఇవాళ చెమట పట్టినట్టు ఊరుతున్న హోస్, అంటే ఆ ఆయిల్ పోయే రబ్బరు గొట్టం, రేపు ఊరు కాని ఊళ్లో, గదిని బయటికి తోసే స్లైడు పూర్తిగా తీసి ఉన్నప్పుడు పగిలిందంటే ఆ గదిని తిరిగి లోపలికి లాగడానికే ఒక పూట పడుతుంది, పిల్లలతో ఆ టెన్షన్ వద్దు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ప్రాణాల సంగతి. బండిని సమంగా నిలబెట్టే జాకీల మీద నమ్మకంతో ఎవరూ కిందికి దూరకండి. అవి బండి ఊగకుండా ఉండటానికి పెట్టినవి, మనిషి కింద పడుకుని పని చేయడానికి కాదు. పెద్ద బండి పది టన్నులు, అంతకు మించి కూడా ఉంటుంది, హోస్ ఊడినా వాల్వు జారినా ఒక్క క్షణంలో కూర్చుంటుంది. ఎయిర్ సస్పెన్షన్, అంటే గాలి సంచుల మీద నిలబడే ఏర్పాటు, ఉన్న డీజిల్ బండ్లయితే గాలి దిగినా అంతే. చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌కి కంపెనీ చెప్పిన చోట బరువుకు తగ్గ ఇనుప స్టాండ్లు పెట్టాకే కిందికి వెళ్లాలి. లీకు ఎక్కడా అని చేత్తో తడమకూడదు కూడా. ఈ లైన్లలో ఒత్తిడి చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల దాకా వెళ్తుంది, టైరులో ఉండేది వంద పౌండ్ల చుట్టుపక్కల. ఆ ఒత్తిడికి సూదిబెజ్జంలోంచి వచ్చే ధార కంటికి ఆనదు, చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు, కానీ గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోవచ్చు. ఆస్పత్రికి వెళ్తే హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి కొట్టింది అని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఉత్త గాటు అనుకుని కట్టుకట్టి పంపేస్తారు. లీకు వెతకడానికి పొడవాటి కర్రకి అట్టముక్క కట్టి దూరం నుంచి తిప్పండి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.

ఇక వెతకడం గురించి. ఆయిల్ చుక్క పడిన చోటే లీకు ఉంటుందనుకుంటే తప్పుదారి పడతారు, అది ఛాసిస్ వెంట, వైర్ల కట్ట వెంట పాకి ఎక్కడో పడుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పూస్తుంది. అందుకని కిందంతా జిడ్డు తీసే మందుతో కడిగి ఆరబెట్టి, ఫిట్టింగుల మీద, అంటే గొట్టాల జాయింట్ల మీద, టాల్కమ్ పౌడర్ చల్లి, జాకీలూ స్లైడ్లూ కొన్నిసార్లు ఆడించి చూడండి, తడి ఎక్కడ మొదట పుడుతుందో అదే చోటు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం పెద్ద జబ్బులేమీ కావు, ఎండకి బీటలు వారిన హోస్, గట్టిపడిన ‘ఓ-రింగ్’ అనే గుండ్రటి రబ్బరు సీల్, వదులైన ఫిట్టింగ్. ఒక కుర్రాడికి షాపువాళ్లు పంపుతో సహా మొత్తం మార్చాలని పెద్ద లెక్క చెప్పారు, తీరా చూస్తే హోస్ ఒక్కటే పోయింది.

ఆ హోస్ కోసం మోటార్ హోమ్ డీలర్ దగ్గర వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు. మన ఆటోనగర్లో ఎలా పాత హోస్ పట్టుకెళ్తే కొలతకి కోసి, మిషన్లో పెట్టి ఫిట్టింగ్ నొక్కి ఇస్తారో, ఇక్కడా ట్రాక్టర్లకీ మట్టి తవ్వే మిషన్లకీ హోస్‌లు చేసే షాపులు ఓ మాదిరి ఊళ్లన్నిట్లో ఉన్నాయి. పాతదాని మీద అచ్చు వేసిన సైజు, ప్రెషర్ చూసి అదే రకం చేసిస్తారు. విప్పేముందు జాకీలూ స్లైడ్లూ అన్నీ లోపలికి తీసి, బ్యాటరీ కనెక్షన్ పీకేసి, గుడ్డ కప్పి మెల్లగా వదులు చేయాలి, బిగించేటప్పుడు రెండు పానాలు వాడాలి, ఒకటి పట్టడానికి ఒకటి తిప్పడానికి, లేకపోతే హోస్ మెలి తిరుగుతుంది. కోను ఆకారంలో కూర్చునే ఫ్లేర్ ఫిట్టింగులకి తెల్ల టేపు చుట్టకండి, అక్కడ లోహం మీద లోహం కూర్చుని ఆపుతుంది, టేపు ముక్కలు ఊడి వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

ఆయిల్ సంగతి కూడా. చాలా జాకీ సిస్టమ్‌లలో వాడేది డెక్స్‌రాన్ రకం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ (గేర్ల) ఆయిలే, అయినా ట్యాంకు మీద స్టిక్కర్ చదివాకే పోయండి. లెవెల్ చూడటం జాకీలూ స్లైడ్లూ అన్నీ లోపల ఉన్నప్పుడే, లేకపోతే తక్కువుందనుకుని ఎక్కువ పోస్తారు, అన్నీ లోపలికి లాగగానే పొంగిపోతుంది. బ్రేకు ఆయిల్ ఈ ట్యాంకులో గానీ, ఈ ఆయిల్ బ్రేకుల్లో గానీ ఎప్పుడూ కలవకూడదు, ఇది బ్రేకుల్లో పడితే వాటి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. కారేది బ్రేకు ఆయిలే అయితే నడపడం అక్కడికక్కడే ఆపేయాలి.

పాత బండి కొనబోయేవాళ్లు అమ్మేవాళ్లని ఒకటి అడగండి. జాకీలు దించి రాత్రంతా అలాగే ఉంచమనండి. పొద్దున్నే బండి ఒక మూల ఒరిగి, కింద చుక్క కూడా లేకపోతే లీకు లోపలిది, వాల్వులోనో సిలిండర్ సీల్‌లోనో ఉంది. జాకీ రాడ్ మీద వేలితో రాసి చూడండి, ఉప్పు చల్లిన మంచు రోడ్ల మీద తిరిగిన బండ్లకి తుప్పు గుంటలు పడి ఉంటాయి, అలాంటి రాడ్ కొత్త సీల్ వేసినా మళ్లీ కోసేస్తుంది, దాని ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

మే నెలాఖరుకి ఇక్కడ క్యాంపింగ్ సీజన్ మొదలవుతుంది. దయచేసి ఈలోగానే ఈ ఉత్తరం వేయండి.

ఇట్లు,
ఆటోనగర్ పాత మెకానిక్,
డాలస్, టెక్సాస్