డాక్టర్ బాబుని వెనకేసుకురాకే

ఏమే, ఎలా ఉన్నావ్?

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఉద్యోగం గోల, మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి, అన్నీ చెప్పుకొచ్చి, చివర్లో ‘కార్తీక దీపం సీరియల్ మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నానే, ఏమైనా డాక్టర్ బాబు పాపం, అందరూ కలిసి అతన్ని ఆడుకున్నారు’ అన్నావ్ చూడు, అక్కడ ఒళ్ళు మండింది నాకు. ఫోన్ చేసి తిడదామనుకున్నా. చేస్తే నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావ్. అందుకే ఈ ఉత్తరం. ఇందులో నువ్వు మధ్యలో అడ్డుపడే వీల్లేదు.

పాపమా? ఎవరే పాపం?

అసలు నీ డాక్టర్ బాబు, ఆ కార్తీక్, ఎలా మొదలయ్యాడో గుర్తు తెచ్చుకో. దీప నల్లగా ఉందని పుట్టింట్లో సవతి తల్లి దగ్గర్నుంచి అందరూ ఆమెను చిన్నచూపు చూస్తున్న రోజుల్లో, ఆ రంగు తనకు అడ్డే కాదని వచ్చాడు. తల్లి సౌందర్యకు నల్లవాళ్ళంటే గిట్టదని తెలిసి కూడా దీపనే పెళ్ళి చేసుకున్నాడు. నిజం చెప్తున్నా, అప్పుడు నాకూ నచ్చాడు. మా ఇంట్లో అమ్మ అయితే ‘కొడుకంటే ఇలా ఉండాలి’ అని మా తమ్ముడి వైపు చూసేది. వాడు పాపం ఏం చేస్తాడు, క్రికెట్ మ్యాచ్ ఉన్నా రిమోట్ కోసం దిక్కులు చూస్తూ కూర్చునేవాడు.

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది, ఆ ధైర్యానికి అతను పెట్టిన ఖర్చు చాలా తక్కువ. రంగు పట్టించుకోని మగాడంటే లోకం చప్పట్లు కొడుతుంది. తల్లి అలిగినా రేపో మాపో కరిగిపోతుంది. పెద్ద మనసున్నవాడన్న పేరు వస్తుంది. అలాంటి చోట నిలబడటం తేలికే. అండ అనేది తేలేది తర్వాత కదా, లోకమంతా ఆమె మీద వేలెత్తి చూపిస్తున్నప్పుడు, ఆ వేలు తన పరువు మీదకు కూడా తిరిగినప్పుడు. అక్కడే అయ్యగారు చేతులెత్తేశారు.

ఆ విలన్ మోనిత ఏం చేసిందో నాకూ తెలుసులే. నువ్వు గుర్తు చేయక్కర్లేదు. కార్తీక్ మీద పిచ్చితో రిపోర్టు మార్చింది, అతనికి పిల్లలు పుట్టే అవకాశమే లేదని నమ్మించింది. దీప కడుపుతో ఉందని తెలియగానే అతను లెక్క వేసేసుకున్నాడు. విహారితో స్నేహంగా ఉంటుంది కదా, అయిపోయింది, ఇంకేం కావాలి! ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఒక్క కాగితం చేతిలో పెడితే భార్యను బయటికి నెట్టేశాడు. అదీ ఎవరు? చదువు రానివాడు కాదు, డాక్టరు! మగవాళ్ళకి చేసే ఆ పరీక్షలో లెక్కలు ఒకసారికీ ఇంకోసారికీ మారిపోతుంటాయి, ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించాలని మామూలు డాక్టర్లు కూడా చెప్తారు. ఈయన ఇంకో ల్యాబుకి కూడా వెళ్ళలేదు.

‘డీఎన్ఏ టెస్ట్ చేయించుకో డాక్టర్ బాబూ’ అని జనం ఎన్ని మీమ్స్ వేశారో నీకు తెలుసు. నువ్వే నాకు రోజూ పంపేదానివి. నేనూ నవ్వాను. ఈమధ్య మాత్రం ఆ జోకు మీద నాకు చిరాకు మొదలైంది. ఎందుకో చెప్తా విను.

టెస్ట్ చేయించుకోకపోవడమే అతని తప్పని మనమంతా ఒప్పేసుకున్నాం. అంటే ఏంటి? చేయించుకుని ఉంటే అతను మంచివాడయ్యేవాడా? చెంప లోపల పుల్లతో కాస్త రాసి ల్యాబుకి పంపితే, పిల్లలు తన బిడ్డలేనని కాగితం వచ్చేది. అప్పుడు ఏడుస్తూ దీప కాళ్ళ మీద పడేవాడు. మనం కళ్ళు తుడుచుకునేవాళ్ళం. కానీ చూడవే, అప్పుడైనా అతను నమ్మింది దీపనా? కాగితాన్నే కదా! ఒక కాగితం చూసి గెంటేశాడు, ఇంకో కాగితం చూసి పిలుస్తాడు. మధ్యలో నోరున్న మనిషి ఒకతి నిలబడి ‘నేను ఏ తప్పూ చేయలేదు డాక్టర్ బాబూ’ అని అరుస్తుంటే ఆ మాటకు విలువే లేదు. నా కోపం అక్కడ. టెస్ట్ సంగతి తర్వాత. ముందు ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏం జరిగింది దీపా, చెప్పు’ అని ఒక్క ప్రశ్న వేసి, ఆమె చెప్పేదాకా నోరు మూసుకుని విన్నాడా?

నీకు ఇంకోటి చెప్పాలి. మా ఆఫీసులో లా చదివిన అమ్మాయి ఒకతి ఉంది, భోజనాల దగ్గర ఈ గొడవే పెట్టుకున్నాం. తను చెప్పింది, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలోనే 112వ సెక్షన్ ఉందట. పెళ్ళి నిలిచి ఉండగా బిడ్డ పుడితే ఆ బిడ్డ భర్తదేనని చట్టం అనుకుంటుంది. కాదనాలంటే ఆ సమయంలో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని అతను రుజువు చేయాలి. 2024 జులైలో కొత్త చట్టం వచ్చినా ఆ మాట అలాగే ఉంచారు, నంబరు మాత్రం 116 అయింది. తండ్రి ఎవరో తేల్చమని ఊరికే రక్తపరీక్షలకి ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. చూశావా, ముక్కూ మొహం తెలియని చట్టం ఆడదాన్నీ బిడ్డనూ ముందు నమ్ముతాను, కాదంటే నువ్వు నిరూపించు అంటోంది. ప్రేమించి కట్టుకున్నవాడు మాత్రం ముందు అనుమానిస్తాను, కాదంటే నువ్వు నిరూపించుకో అంటున్నాడు.

సరే, సౌందర్య సంగతికి రా. నాకు ఆ సీరియల్ మొత్తంలో నిజంగా మారిన మనిషి ఆవిడే. మొదట్లో ఎంత విసుగు తెప్పించింది! నల్ల కోడలు ఇంట్లో అడుగు పెడుతోందని ముక్కు చిట్లించిన మనిషి. ఆవిడకు దీప మీద ప్రేమ లేదు, పాత పరిచయం లేదు, పైగా కొడుకు తన మాట కాదన్నాడన్న ఉక్రోషం ఉంది. అలాంటావిడ కళ్ళెదుట ఉన్నది చూసి, తప్పు తెలుసుకుని, కన్నకొడుకునే నిలదీసింది. దీప విషయంలో తల్లీ కొడుకూ ఒకరి స్థానంలోకి ఒకరు వచ్చేశారు, గమనించావా? ప్రేమించినవాడు శత్రువైపోయాడు, శత్రువనుకున్న అత్త అండగా నిలిచింది. అప్పటికి ఆవిడ చేతిలో ఏ రిపోర్టూ లేదు. కోడల్ని చూసింది, మనిషిని చదువుకుంది, అంతే. ఆ ఇంట్లో ఆవిడకు సాధ్యమైంది ఆయనకెందుకు కాలేదు చెప్పు?

ఇక హిమ విషయం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది. దీపకు కవలలు పుడితే ఒక పాపను సౌందర్య తెచ్చి, అనాథ అని చెప్పి కార్తీక్ చేతుల్లో పెట్టింది కదా. ఆ పాపకు చనిపోయిన తన ప్రియురాలి పేరే పెట్టుకున్నాడు. గుండెల మీద పెట్టుకుని పెంచాడు. జలుబు చేస్తే నిద్ర మానేస్తాడు, అడిగింది కాదనడు. తండ్రిగా అతనికి వంక పెట్టలేం, ఒప్పుకుంటా. అంటే ఏంటే? ఎవరికి పుట్టిందో తెలియని బిడ్డను కూడా ప్రాణంలా ప్రేమించే మనసు అతనికి ఉంది! రక్తం అతనికి అడ్డు కాదు. మరి దీప కడుపులో బిడ్డ తనది కాదనుకున్నప్పుడు అంత పెద్ద మనసూ ఎక్కడికి పోయింది? అడ్డొచ్చింది బిడ్డ కాదు, అహం. ‘నన్ను మోసం చేసింది’ అనే ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏళ్ళ తరబడి తనను తాను ఓదార్చుకుంటూ కూర్చున్నాడు. దీప వంటలక్కై ఇల్లిల్లూ తిరిగి వండి పెట్టి రెండో పాప శౌర్యను పెంచుకుంటుంటే, ఈయన ఏసీ కారులో కూర్చుని బాధపడతాడు. బాధపడటానికి కూడా సౌకర్యాలుండాలి మరి.

ఆ బాధను తెర మీద చూపించే పద్ధతి ఒకటి ఉంది చూడు, అది చూసే నువ్వు కరిగిపోతున్నావ్. దీప నిజం చెప్పబోతుంది. కెమెరా ఆమె మొహం మీదకి ఒకసారి, అతని మొహం మీదకి ఒకసారి, గుమ్మంలో నిలబడ్డ మోనిత మొహం మీదకి ఒకసారి వెళ్తుంది. వయొలిన్ మొదలవుతుంది. అతని కళ్ళలో నీళ్ళు నిలుస్తాయి. మనసులో మాట వినిపిస్తుంది, నన్నెందుకిలా చేశావు దీపా అని. ఈలోపు ఎవరిదో ఫోన్ మోగుతుంది. బొమ్మ ఆగిపోతుంది. మిగతాది రేపు! ఆ నీళ్ళు చూసి మనం అతను నలిగిపోతున్నాడని అనుకుంటాం. దీప మాట గొంతులోనే ఆగిపోయిందన్న సంగతి మర్చిపోతాం. నీళ్ళు తిరిగిన మగాడికి మనం ఇట్టే మార్కులు వేసేస్తామే, అది మన బలహీనత.

సీరియల్ తీసేవాళ్ళ తప్పు మాత్రం ఏముంది అంటావేమో. నిజమే, అతను ఒక్కరోజు తిన్నగా మాట్లాడి ఉంటే సీరియల్ ఆ వారమే అయిపోయేది. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా 1500 ఎపిసోడ్లు దాటించాలంటే ఎవరో ఒకరు చెవులు మూసుకుని కూర్చోవాలి. ఆ పని హీరోకి అప్పగించారు. గురువారం వచ్చే రేటింగులు బాగున్నంత కాలం అతనికి బుద్ధి రానివ్వరు. ఇది మన దగ్గరే పుట్టిన జాడ్యం కూడా కాదు. మలయాళంలో 2014లో మొదలైన కరుత్తముత్తు నుంచి వచ్చిన కథ ఇది, అక్కడా మొదట మన దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథే చేసింది. తర్వాత తమిళంలో భారతి కన్నమ్మ, మరాఠీలో రంగ్ మాఝా వేగళా. ఇన్ని భాషల్లో ఇన్ని ఇళ్ళలో అదే డాక్టరు అదే భార్యను అనుమానిస్తూ పోయాడు. ఎక్కడా ఒక్క రచయితకూ ఇతనితో ఒక మంచి ప్రశ్న అడిగిద్దామని అనిపించలేదు! (రంగు ముఖ్యం కాదని చెప్పే కథకి, తెల్లటి అమ్మాయికి రోజూ నల్ల మేకప్ వేసి నటింపజేశారు, అది ఇంకో ఉత్తరానికి సరిపడా విషయం, వదిలేస్తున్నా.)

మోనిత గురించి మళ్ళీ అంటావని తెలుసు. ‘ఆవిడే లేకపోతే వాళ్ళు హాయిగా ఉండేవాళ్ళు’ అన్నావు కదా మెసేజ్‌లో. సీరియళ్ళలో విలన్ ఉండేదే అందుకే. హీరో చేసిన పాపాలన్నీ ఆవిడ ఖాతాలో వేసేస్తే ఆయన కడిగిన ముత్యంలా బయటికొస్తాడు. మనం కూడా ఆవిడను తిట్టి, ఆయన్ని ఓదార్చి, టీవీ కట్టేసి పడుకుంటాం. మోనిత దుర్మార్గురాలే, నేను కాదనను. కానీ మోనిత దీపకు ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చింది అతను. చెప్పుడు మాటలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వినడం మానుకోవాల్సినవాడు ఇంట్లో ఉన్నవాడే కదా.

2022లో కార్తీక్‌నీ దీపనీ కారు ప్రమాదంలో చంపేసి పిల్లల్ని పెద్దవాళ్ళను చేశారు, గుర్తుందా? నువ్వు ఆరోజు అన్నం తినలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ బతికించి తెచ్చారు. దీప అతన్ని వెతుక్కుంటూ పోతే, అయ్యగారు జ్ఞాపకశక్తి పోగొట్టుకుని ఎవరి దగ్గరున్నారు? మోనిత దగ్గర! జ్ఞాపకం పోయాక కూడా అతనికి దొరికిన దారి అదే. నేనైతే పడీ పడీ నవ్వాను, అమ్మ నా మీద కోపంతో లోపలికి వెళ్ళిపోయింది.

2024 మార్చిలో వచ్చిన రెండో భాగంలో అదే జంట, కథ వేరు. అందులో కార్తీక్ దీప పక్షాన నిలబడే మనిషి. అమ్మ ‘చూడు ఎంత మారాడో’ అంటుంది. మారలేదమ్మా, అతను వేరే కార్తీక్, అని చెప్తే వినదు. తెర మీద మొహం అదే కదా, క్షమించేసింది. నువ్వూ అదే చేస్తున్నావని నా అనుమానం. కార్తీక్ వేషం వేసే నిరుపమ్ బాగుంటాడు, కాదనను. అందంగా ఉన్నంత మాత్రాన పాత లెక్కలు రద్దవుతాయా?

నీకు ఒక పని పెడుతున్నా. పెళ్ళైన దగ్గర్నుంచి నిజం తెలిసేదాకా, దీపకు అవసరమైన సమయంలో డాక్టర్ బాబు ఆమె కోసం చేసిన పని ఒక్కటి చెప్పు. ఏడవడం లెక్కలోకి రాదు. మోనిత పేరు ఎత్తకూడదు. మీ ఆయన్ని సాయం అడిగినా ఫర్వాలేదు, అతనూ ఆ సీరియల్ దొంగచాటుగా చూసేవాడని నాకు తెలుసు.

అత్తగారి మోకాళ్ళకి ఫిజియోథెరపీ మొదలుపెట్టమని చెప్పాను కదా, చేయించావా? ఆదివారం తీరిగ్గా ఫోన్ చెయ్యి. జవాబు రెడీగా పెట్టుకునే చెయ్యి.

నీ
అదే నేను