పలక ఎత్తి చూపించండి

సంపాదకులకు,

మీ ఆదివారం ఇంటి పేజీలో డాబా మీద చెక్క డెక్‌ల, అదే పలకలు పరిచిన నేలల ఫోటోలు చూసి మా ఆవిడ ఒకటే నవ్వు. మాది కాకినాడ. నాలుగేళ్ల కిందట ఇలాంటి ఫోటో చూసే మోజుపడి, డాబా మీద 120 చదరపు అడుగుల్లో పైన్ చెక్క వేయించాం. 'ట్రీటెడ్ కర్ర మాస్టారూ, పుచ్చకుండా మందు పట్టించింది, పదేళ్లు దాని వంక చూడక్కర్లేదు' అన్నాడు అమ్మినాయన. రెండో వానాకాలానికే నా మడమ పలకలోకి దిగబడింది.

పలక ఊడదీశాం. పైన వార్నిష్ మెరుస్తూనే ఉంది, అడుగు మాత్రం తడిసిన అట్టలా గిల్లితే ఊడొస్తోంది. పలకలకు ఆధారంగా కింద వేసే సన్న కర్రల్ని, అదే రీపర్లను, నీళ్ల వాటానికి అడ్డంగా వేశారు. వాన నీళ్లు ఎక్కడికక్కడ నిలిచిపోయాయి. పలకల మధ్య సందు లేదు. ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి తలలు ఊడిపోయాయి.

ఈసారి తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రీని బతిమాలి తెచ్చుకున్నా. ఆయన కర్ర సంగతి ఎత్తకుండానే డాబా మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎటు పోతున్నాయో చూశాడు. రీపర్లు వాటం వెంట పరిచి, పలకకీ పలకకీ 5 మి.మీ. సందు వదిలాడు. కొన్నది టేకే అయినా, తెల్లచెక్క, అంటే మాను బయటివైపు లేత చెక్క, ఉన్న పలకలన్నీ ఏరి పక్కన పడేశాడు. చేవ, అంటే లోపలి ముదురు చెక్క, ఉన్నదే వానకు నిలుస్తుందట. స్క్రూలు ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ధర వినగానే గుండె గుభేల్మంది. కోసిన చివర్లు నీళ్లు ఎక్కువ తాగుతాయని వాటికి నూనె ఇంకోసారి పట్టించాడు.

వార్నిష్ మానేశాం, ఎండకి పొరలు లేస్తుంది. పెయింట్ల షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె ఏటా సంక్రాంతి వెళ్లాక పూస్తున్నా. ముందు నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తా. ముత్యాల్లా నిలిస్తే ఇంకా ఆగొచ్చు, ఇంకిపోతే పూయాల్సిందే. 20 నిమిషాలకి మిగిలిన నూనె తుడిచేయాలి, లేకపోతే జిగురై దుమ్మంతా అంటుకుంటుంది. అన్నట్టు, ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే రాజుకుంటాయి. నేను విప్పి తీగ మీద ఆరేస్తాను.

టేకు బూడిద రంగు తిరిగితే మొదట కంగారుపడ్డా. అది ఎండ పని, పైపైనే. మల్లె కుండీల కింద మాత్రం తడి నిలవకుండా ఇటుక ముక్కలు పెట్టాలి. దాని మీద మా ఇంట్లో పేచీ ఇంకా తెమల్లేదు.

ఈసారి డెక్ ఫోటో వేసేటప్పుడు, ఒక పలక ఎత్తి అడుగున ఏముందో కూడా తీసి వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాకినాడ