ఎఫ్‌డీ తీయకండి నాన్నగారూ

కోవెంట్రీ, ఇంగ్లండ్

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేం ఇక్కడ క్షేమం. బాబుకి జలుబు తగ్గింది, రెండు పూటలా అన్నం మెత్తగా పిసికి పెడితే తింటున్నాడు. మొన్న ఫోన్లో మీరు గ్యాసు, కరెంటు బాకీ సంగతి విని, "ఎఫ్‌డీ తీసి పంపిస్తా, ఆ బాకీ కట్టేసి ముందు ఆ కంపెనీ నుంచి బయటపడండి" అన్నారు. బాబు ఏడుస్తుంటే సగంలో ఫోన్ పెట్టేశాను. అమ్మ ఆ తర్వాత మెసేజ్ పెట్టింది, మీరు నిజంగానే బ్యాంకుకి వెళ్లడానికి కాగితాలు తీసి పెట్టుకున్నారని. వెళ్లకండి. ఎందుకు వద్దంటున్నానో మీకు వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను. కరెంటాఫీసులో సర్వీసంతా చేసినవాళ్లు, చెబితే నాకంటే బాగా మీకే అర్థమవుతుంది.

ఇక్కడ కంపెనీ మారితే తీగ మారదు, మీటరూ మారదు. మా వీధిలో తీగలన్నీ భూమిలోనే ఉంటాయి. ఆ తీగలు, సబ్‌స్టేషన్లు చూసుకునే సంస్థ వేరు, కరెంటు పోతే వచ్చేది వాళ్లే. మాకు బిల్లు వేసే కంపెనీ టోకున కొని చిల్లరకి అమ్ముకునేది, అంతే. మన కరెంటు బోర్డుని 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టి మరుసటేడు డిస్కంలు పెట్టారని మీరు ఇప్పటికీ బాధపడతారు కదా, ఇక్కడ 1990లోనే ప్రైవేటు వాళ్లకి అమ్మడం మొదలుపెట్టారు. ఆ దశాబ్దం ముగిసేసరికి ప్రతి ఇల్లూ ఎవరి దగ్గర కావాలంటే వాళ్ల దగ్గర కొనుక్కునే వీలు వచ్చింది. అద్దెకుండే మాకూ ఆ హక్కుంది, బిల్లు మా పేరు మీద ఉంది కాబట్టి. మన తెనాలిలో ఎవరైనా "నాకీ డిస్కం వద్దు, ఇంకోటి కావాలి" అంటే నవ్వుతారు. ఇక్కడ అది మామూలు మాట. ఇప్పుడైతే అయిదు పని దినాల్లో మారిపోవచ్చు.

రేపు కంపెనీ మూతపడితే మీ గతేంటని అడిగారు. 2021లో గ్యాసు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు చిన్న కంపెనీలు వరసగా మూతపడ్డాయి. ఎవరింట్లోనూ దీపం ఆరలేదు. ఆఫ్‌జెమ్ అని నియంత్రణ సంస్థ ఉంది, మన ఈఆర్‌సీ లాంటిది, అది ఆ ఇళ్లన్నిటినీ వేరే కంపెనీలకి అప్పజెప్పింది. ఆ భయం పెట్టుకోకండి.

ఇక బాకీ ఎలా అయిందో. ప్రసూతి సెలవులో, ఆసుపత్రిలో పనిచేసే మాకు మొదటి ఎనిమిది వారాలే పూర్తి జీతం. తర్వాత సగం, ఆపైన చట్టప్రకారం ఇచ్చే చిన్న మొత్తం. 39 వారాలు దాటాక అదీ ఉండదు. ఆయన గిడ్డంగిలో చేసే పని అద్దెకీ తిండికీ సరిపోయింది. సరిగ్గా అప్పుడే చలికాలం. మాది వందేళ్ల నాటి వరస ఇల్లు, గోడలు ఒట్టి ఇటుక, ఎంత వేడి చేసినా నిలవదు. పసిపిల్లాడున్న గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచమని ఇంటికొచ్చే నర్సు చెప్పింది. నేనూ వార్డులో తల్లులకి చెప్పేది అదే. కాబట్టి హీటింగ్ ఆపలేదు, ఆపే ఉద్దేశమూ లేదు. గ్యాసు బాయిలరు నీళ్లు కాచి గదుల్లో రేడియేటర్లకి పంపుతుంది. అప్పుడు గ్యాసు యూనిట్ 6 పెన్నీల చుట్టూ ఉంటే కరెంటు యూనిట్ 27 దాకా ఉండేది, కాబట్టి కరెంటు హీటర్ జోలికి పోలేదు. ఒక్క యూనిట్ వాడకపోయినా రెండు కనెక్షన్లకీ కలిపి రోజుకి 80 పెన్నీల పైనే స్టాండింగ్ చార్జీ పడేది. నెలకింత అని డైరెక్ట్ డెబిట్‌లో కట్టే డబ్బు వాడకానికి చాలక, చలి తగ్గేసరికి బాకీ పేరుకుంది.

వాళ్లు మొదట పంపిన బిల్లులో బాకీ 830 పౌండ్లు. చూడగానే నాకు చెమటలు పట్టాయి. తర్వాత మీరు చిన్నప్పటి నుంచి చెప్పే మాట గుర్తొచ్చింది, కొత్త ఇంట్లో పాలు పొంగించే ముందు మీటరు చూసి రాసుకోవాలని. మేం ఈ ఇంటి తాళం తీసుకున్న రోజునే మెట్ల కింద అల్మరాలో ఉన్న గ్యాసు మీటరుకి ఫోటో తీశాను. తేదీతో సహా ఫోన్లో ఉంది. అందులో 04836 అని కనిపిస్తోంది. బిల్లు వెనక పేజీలో వాళ్లు మా మొదటి రీడింగుగా వేసుకున్నది 04512. అంటే మాకంటే ముందున్న వాళ్లు కాల్చిన 324 యూనిట్లు మా ఖాతాలో పడ్డాయి. ఇక్కడ గ్యాసు మీటరు ఘనపు మీటర్లలో తిరుగుతుంది. ఒక్కో ఘనపు మీటరు, గ్యాసు నాణ్యతని బట్టి, 11 కిలోవాట్ అవర్లకి కొంచెం పైన లెక్క. మీరు కాగితం మీద వేసి చూడండి, 3,600 పైచిలుకు కిలోవాట్ అవర్లు, అంటే బిల్లులో వేసే యూనిట్లు, 220 పౌండ్ల దగ్గర తేలుతుంది.

ఫోటో జతచేసి, అద్దె ఒప్పందం తేదీ చూపించి ఫిర్యాదు రాశాను. మొదట ఒకామె "మీ ముందువాళ్లు ఇచ్చిన రీడింగ్ అది, మేమేం చేయలేం" అంది. ఫిర్యాదు నంబరు ఇమ్మని, ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కి వెళతానని మర్యాదగానే చెప్పాను. అక్కడ మనకి పైసా ఖర్చుండదు, వాళ్లిచ్చిన తీర్పు మనం ఒప్పుకుంటే కంపెనీ కట్టుబడి తీరాలి. అంతదాకా పోనక్కర్లేకుండానే సరిచేశారు. ఇప్పుడు నిలిచిన బాకీ 610. ఇది మేం వాడుకున్నదే, కట్టాల్సిందే.

మీరన్న కంపెనీ మారడం సంగతికి వస్తాను. బాకీ ఉన్నా మారొచ్చా అంటే, బాకీ పడి 28 రోజులు దాటలేదనుకోండి, మారిపోవచ్చు, ఆ మొత్తం పాత కంపెనీ చివరి బిల్లులో కలుపుతుంది. 28 రోజులు దాటితే పాత కంపెనీ అడ్డు చెప్పొచ్చు. కంపెనీ తప్పు వల్ల పడిన బాకీని చూపించి మాత్రం అడ్డుకోకూడదు. అంటే ఆ 220 కోసం మమ్మల్ని ఆపలేరు, ఈ 610 కోసం ఆపగలరు. ఆయన స్నేహితుడొకడు "మారిపోండి, తర్వాత ఎవడు అడుగుతాడు" అన్నాడు. తప్పకుండా అడుగుతారు. వసూలు సంస్థకి అప్పగిస్తారు, క్రెడిట్ రికార్డులో మచ్చ పడుతుంది, రేపు ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా కొనుక్కోవాలన్నా అది ఎదురొస్తుంది. మీరు నేర్పిన పద్ధతి కూడా అది కాదు.

ఇంకో దారి ఉంది, కార్డు మీటరు. మన సెల్‌ఫోన్ రీచార్జి లాగా ముందు డబ్బు వేసుకుని వాడుకోవాలి. అలాంటి మీటరున్న వాళ్లకి గ్యాసుకి 500, కరెంటుకి 500 పౌండ్ల దాకా బాకీ ఉన్నా కంపెనీ మారే వీలుంది, బాకీ కూడా వాళ్లతోపాటు కొత్త కంపెనీకి వెళుతుంది. మనవాళ్ల పిల్లలు, చదువుకోడానికి వచ్చినవాళ్లు, మా పక్క వీధిలో కలిసి ఉంటారు, వాళ్లు అలాగే మారారు. కానీ వాళ్లు వేసే ప్రతి పది పౌండ్లలో కొంత పాత బాకీకి పోతుంది, మిగిలినదే వాడకానికి. ఒక ఆదివారం వెళ్లేసరికి నలుగురూ కోట్లు వేసుకుని ఒకే గదిలో కూర్చుని చదువుకుంటున్నారు, డబ్బయిపోతే జీతం వచ్చేదాకా హీటింగ్ వేయరట. నాకు కడుపు తరుక్కుపోయింది. బాబుతో మాకది కుదరదు. బలవంతంగా పెడతారేమోనని అమ్మ భయపడింది కదా, 2023 నుంచి దానికి గట్టి నిబంధనలు వచ్చాయి. అంతకుముందు కోర్టు వారెంట్లు తెచ్చి ఇళ్లలోకి వెళ్లి పెట్టేవారు, దేశమంతా గగ్గోలు పుట్టాక కొన్నాళ్లు ఆపారు. ఇప్పుడు రెండేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో బలవంతంగా పెట్టకూడదు. బాబు పేరు మీద ప్రాధాన్య సేవల జాబితాలో కూడా ఎక్కించాను, అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లని అందులో చేర్చుకుంటారు.

బిల్లు కట్టలేదని ఫ్యూజు పీకేస్తారేమో అనే మీ భయం నాకు తెలుసు. నెలాఖరున బకాయిల జాబితా పట్టుకుని ఇళ్లకి వెళ్లాల్సి వచ్చిన రోజుల్లో మీరు ఇంటికొచ్చి అన్నం తినేవారు కాదు. ఇక్కడ కనెక్షన్ తీసేయడం అన్నిటికన్నా చివరి మాట. అంతకుముందు మన ఆదాయం, ఖర్చులు చూసి, మనం భరించగల వాయిదాలు ఇవ్వడం కంపెనీ బాధ్యత. సిటిజన్స్ అడ్వైస్ అని ఊరూరా ఉచితంగా సలహా చెప్పే సంస్థ ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని అద్దె, డైపర్లు, బస్సు పాసుతో సహా అన్నీ ఒక కాగితం మీద వేశాం. కంపెనీ నెలకి 90 అడిగింది. ఆ కాగితం చూపించాక వాడకం కాక నెలకి 50కి ఒప్పుకుంది. దాని మీద వడ్డీ లేదు.

ఆ ఫోన్లోనే ఇంకొకటి అడిగాను, ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు కాబట్టి. బాకీ ఉన్నా మీ కంపెనీలోనే తక్కువ ధర ఒప్పందానికి మారొచ్చా అని. సరేనన్నారు. ఏడాది పాటు ధర మారని ఒప్పందం ఇచ్చారు. ఆఫ్‌జెమ్ గరిష్ఠ ధర పెట్టింది కదా అనొచ్చు మీరు. అది యూనిట్ ధరకీ స్టాండింగ్ చార్జీకీ మాత్రమే, మొత్తం బిల్లుకి కాదు, పైగా మూడు నెలలకోసారి మారుతుంది.

ఇక ఎఫ్‌డీ లెక్క. మీరు 70 వేల పైన పంపి బాకీ మొత్తం కట్టేస్తే, బయట దొరికే అన్నిటికన్నా తక్కువ ధరకి మారొచ్చు. దానివల్ల ఇప్పుడున్న ఒప్పందం కంటే నెలకి నాలుగైదు పౌండ్లు మిగులుతుంది. వడ్డీ లేని బాకీ తీర్చడానికి, నెలకి అయిదు వందల రూపాయల కోసం, వడ్డీ వచ్చే డబ్బు గడువు మధ్యలో తీస్తారా? అది అమ్మ మోకాలి ఆపరేషన్‌కని దాచింది. పైగా ఇప్పుడు వదిలి వెళితే ఈ ఒప్పందానికి ఎగ్జిట్ ఫీజు కూడా కట్టాలి. చివరి 49 రోజుల్లో అది ఉండదు. అప్పటికి మా బాకీ కూడా దాదాపు తీరిపోతుంది, అప్పుడు ఎక్కడ తక్కువుంటే అక్కడికి వెళతాం. నేను డ్యూటీలో చేరాను, మొదటి పూర్తి జీతం పడింది కూడా.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒక్కటే. తక్కువ ధర ఎక్కువ అవసరమైనవాళ్లు బాకీ ఉన్నవాళ్లే. వాళ్లనే కదలనీయకుండా ఎక్కువ ధర దగ్గర ఆపే వీలు ఇచ్చారు. చలికాలంలో ఇచ్చే 150 పౌండ్ల రాయితీ ఉంది, అది కొన్ని ప్రభుత్వ భత్యాలు అందుకునేవాళ్లకే. మా వీసా మీద ఆ భత్యాలు తీసుకోవడానికి వీల్లేదు. మన దగ్గర కంపెనీ ఎంచుకునే వీలు లేకపోయినా, బకాయి ఉన్నవాడికీ లేనివాడికీ యూనిట్ ధర ఒకటే. ఎంచుకునే హక్కు గొప్పదే, కానీ చేతిలో డబ్బున్నవాళ్లకే అది పనికొచ్చేలా పెట్టారు. వార్డులో మాతో చేసే చాలామంది, ఇక్కడ పుట్టిన వాళ్లు కూడా, ఇదే బాధ చెబుతారు. మొత్తం దేశంలో ఇళ్ల గ్యాసు, కరెంటు బాకీ 2025 నాటికే 400 కోట్ల పౌండ్లు దాటింది. అన్ని ఇళ్లవాళ్లూ ఎగ్గొట్టేవాళ్లు కాదు కదా నాన్నగారూ.

మన వీధి చివర మేస్త్రిగారి అబ్బాయి సెప్టెంబరులో లీడ్స్‌కి చదువుకి వస్తున్నాడని అమ్మ చెప్పింది. మీరు ఒకసారి పిలిచి చెప్పండి. ఇంటి తాళం చేతికొచ్చిన రోజే గ్యాసు, కరెంటు రెండు మీటర్లకీ నంబరు స్పష్టంగా పడేలా ఫోటో తీసి, ఆ రీడింగులు అదే రోజు కంపెనీకి పంపమనండి. కార్డు మీటరైతే ముందున్నవాళ్ల బాకీ ఆ మీటరులో మిగిలి ఉందేమో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కునేదాకా ఒక్క పౌండు కూడా వేయొద్దనండి, లేకపోతే వీడి డబ్బు వాళ్ల బాకీకి పోతుంది. నా నంబరు ఇవ్వండి, ఏ రాత్రయినా ఫోన్ చెయ్యమనండి.

మీ అమ్మాయి